గురమ్మ కోసిన చెవి

ఆలూరు జూనియర్ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చెప్పాను అనడం కన్నా వల్లించాను అనడం నిజం. బతకదగ్గవాటిని ప్రకృతి ఏరుకోవడం, అదే ప్రకృతి వరణం, ఆ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద మూడు కొండల బొమ్మలు గీసేవాడిని. ఒక కొండ పక్కకు జరిగి ఉంటుంది, ఒకటి సన్నబడి నిటారుగా నిలబడి ఉంటుంది, మూడోది నడుమ కుంగి రెండు కొండలవుతుంది. వాటి కింద దిశాత్మక వరణం, స్థిరీకరణ వరణం, విచ్ఛిత్తి వరణం అని పేర్లు రాసి, ఇది నాలుగు మార్కుల ప్రశ్న అని చెప్పి, గంట కొట్టేలోపే హాజరు పట్టీ మూసేసేవాడిని. ఉదాహరణలకు ఎక్కడివో మంచుదేశాల పురుగులు, నేనెన్నడూ చూడని దీవుల పిట్టలు ఉండేవి. కిటికీ బయట గొర్రెల మందలు పోతుంటే, దుమ్ము లోపలికి వస్తోందని కిటికీ మూయించేవాడిని. నాలాంటి మేధావులు జిల్లాకు వందమంది ఉండి ఉంటారు.

నేను చెప్పబోయేది గురమ్మ సంగతి. కాని ఆమె దగ్గరికి నేను వెళ్లింది నా తెలివితక్కువతనం వల్లే కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి.

పదేళ్ల కిందట రెండో సంవత్సరం పరీక్షలో ప్రకృతి వరణం రకాలను ఉదాహరణలతో వివరించమని అడిగాను. శ్రావణి అనే అమ్మాయి పురుగులనూ పిట్టలనూ వదిలేసి వాళ్లమ్మ గొర్రెల గురించి రాసింది. కరువు ఏడు మేతకు దూరం నడవాలి కాబట్టి పొడుగు కాళ్లవే మిగులుతాయట. మంచి ఏళ్లలో ఊరివాళ్లు ఆ పొడుగు కాళ్లవాటినే ఏరి దేవర జాతరకు కోస్తారట. అందుకని ఊరి మందలు ఏటేటా పొట్టివవుతున్నాయట. ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పుస్తకంలో ఉన్నది రాయి అని పక్కన రాశాను. మరునాడు ఆ పిల్ల స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, తప్పు ఎక్కడుందో చెప్పమంది. మనుషులు ఏరితే అది ప్రకృతి వరణం కాదన్నాను. కరువును మనుషులు తెచ్చినారా సార్ అంది. ఆ ఆదివారం స్కూటరు వేసుకొని, ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న వాళ్ల పల్లెకు బయలుదేరాను. ఆ తల్లికీ కూతురికీ నాలుగు ముక్కలు నేర్పి వద్దామన్నది నా ఉద్దేశం.

శ్రావణి తల్లి గురమ్మకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఆమె భర్త సుబ్బయ్య పోతూ పోతూ ఆమెకు నాలుగెకరాల పొలం, ఎనభై గొర్రెలు, రాజశేఖర్ అనే తమ్ముణ్ని వదిలిపోయాడు. వీటిలో మొదటి రెండూ పనికొచ్చేవి. రాజశేఖర్ తెల్లచొక్కా మనిషి. సిమెంటు రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు. ఆలూరు బస్టాండు దగ్గర చేతులు జోడించి నిలబడిన ఆయన ఫ్లెక్సీ ఒకటి ఎప్పుడూ ఎండకు వెలిసిపోతూ ఉండేది. తనకూ మంద ఉంది కాని, దాన్ని మేపేది జీతగాళ్లు. ఫోటోలు దిగేది మాత్రం ఆయన.

ఆ ఊళ్లో ఏటా అమ్మవారు సుంకులమ్మకు చిన్న దేవర, ఐదేళ్లకోసారి పెద్ద దేవర జరుగుతాయి. అమ్మవారికి ఇచ్చే పొట్టేలు ఊరి మందలోదై, నిండుగా ఉండాలి. కుంటి పనికిరాదు, కొమ్ము విరిగింది పనికిరాదు, చెవి తెగింది అసలే పనికిరాదు. ఎవరి పొట్టేలు పెద్దదైతే వాళ్లకు అంత పేరు. కాబట్టి ప్రతి ఇంటివాళ్లూ మందలో కల్లా బలమైన పొట్టేలును తీసుకుపోయి ఇచ్చేవాళ్లు. ఇంకా బలమైనవి మిగిలితే బక్రీదుకు ఖాసీం వచ్చి మంచి ధరకు కొనుక్కుపోయేవాడు. ఖాసీం ఆలూరులో మాంసం అంగడి పెట్టుకున్న వ్యాపారి. ఆయనకూ తెగిన చెవి పనికిరాదు. ఇక మందలో మిగిలేవి ఏమిటంటే, దేవతా వద్దన్నవి, బేరగాడూ వద్దన్నవి. ఆ పొట్టివాటినే విత్తనపు పొట్టేళ్లుగా మంద మీదికి వదిలేవాళ్లు. ముప్పై ఏళ్లు ఊరంతా ఒక్కమాట మీద ఈ పని చేసింది. వేరే ఏ విషయంలోనూ ఆ ఊరికి అంత ఐకమత్యం లేదు.

మందలు కుంచించుకుపోతుంటే మాత్రం అందరూ ఆశ్చర్యపోయారు. ముందు దిష్టి తగిలిందన్నారు, మెడలకు నల్లతాళ్లు కట్టారు. తరువాత గడ్డిలో సారం పోయిందన్నారు. అదీ కాకపోతే పశువుల డాక్టరు వేసే టీకాల వల్ల అన్నారు. తమ చేతుల్తో తామే పెద్దవాటిని ఏరి పారేస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు. మనిషి కావాలని ఎంచుకుంటే కృత్రిమ వరణం, ప్రకృతి ఎంచుకుంటే ప్రకృతి వరణం అని నేను పాఠం చెప్పేవాడిని. ఎంచుకుంటున్నామని తెలియకుండానే ఎంచుకునేవాళ్లను ఏమనాలో మా పుస్తకంలో లేదు.

గురమ్మకు తట్టింది. నేను వెళ్లేసరికి ఆమె దొడ్డిలో నాలుగు నెలల పొట్టేలుపిల్లను మోకాళ్ల మధ్య పట్టుకొని, ఎడమ చెవిలో మూడోవంతు కత్తెరతో కోసి, పసుపూ నూనే అద్దుతోంది. పిల్ల అరుస్తోంది. పశువును హింసించడం నేరమని నేను గొంతు సవరించుకున్నాను. ఆమె తలెత్తకుండా పని పూర్తిచేసి, పిల్లను వదిలి అప్పుడు నాతో మాట్లాడింది.

"దీన్ని నెల దినాలు చూసినా సార్. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు ముందర నడుస్తాది. ఇప్పుడు చెవి పోయింది గదా, దేవరకు పనికిరాదు, బక్రీదుకు పనికిరాదు. ఇంక నాకే పనికొస్తాది."

నేను తెచ్చుకున్న నాలుగు ముక్కలు అక్కడే మరిచిపోయాను. ఆమె అత్తగారు మంచం మీంచి ఈ ఆడది వంశానికి పాపం మూటగడుతోందని తిడుతోంది. ఊళ్లో ఆమెకు చెవికోతల గురమ్మ అని పేరు పెట్టారట. తొమ్మిదేళ్లుగా ఆ పని చేస్తోందట. ఆమె మందను, పక్కన మేస్తున్న రాజశేఖర్ మందను చూశాను. రెండూ ఒకే ఊరి గొర్రెలంటే నమ్మబుద్ధి కాలేదు. ఆమెవి రాజశేఖర్ గొర్రెల కన్నా జానెడు ఎత్తున్నాయి.

"కరువొచ్చి పొడుగు కాళ్లదాన్ని దాచిపెట్టి పోతాది. మనం దాన్నే కోసుకొని తింటాం" అంది గురమ్మ.

పాతికేళ్లు బోర్డు మీద పక్కకు జరిపిన కొండ నాకు ఆ రోజు అర్థమైంది. కరువు దాన్ని ఒకవైపు తోస్తుంటే, ఊరు రెండోవైపు తోస్తోంది. ఆమె ఆ రెంటి మధ్యా కత్తెర పట్టుకొని కూర్చుంది.

నాకు సిగ్గు వేయలేదు, చిరాకు వేసింది. మూడో రకం వరణం ఈమెకు ఎక్కడ తెలుస్తుందిలే అనుకొని, మీ మందలో రెండు రకాలూ మిగిలి నడిమి రకం పోవడం ఎప్పుడైనా చూశావా అని అడిగాను. మందలో లేదంది. లేదన్నందుకు నేను సంతోషించేలోపే నన్ను పొలానికి తీసుకుపోయింది. ఆమె నాలుగెకరాల్లో సగం ఎర్రనేల, సగం నల్లరేగడి, మధ్యలో గట్టు. అడుగు వేస్తే మిడతలు లేస్తున్నాయి. ఎర్రనేలలో ఇటుక రంగువి, రేగడిలో బొగ్గు రంగువి. రెంటికీ నడిమి రంగు మిడతను ఒక్కదాన్నైనా పట్టుకొమ్మంది. అరగంట వంగి వంగి వెతికాను, దొరకలేదు. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చొని ఉంది. దాని కింద గట్టు మీద రాలిన రెక్కలను వేలితో చూపించింది. నడిమి రంగుది ఈడా కనపడతాది, ఆడా కనపడతాది, రెండుచోట్లా దాన్నే తింటాది పిట్ట అని చెప్పింది. చెప్పి, పొద్దుపోతోందని గొర్రెల దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారం శ్రావణి సున్నాను కొట్టేసి రెండు మార్కులు వేశాను. నాలుగూ వేయడానికి మనసు రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు కర్నూలులో నర్సుగా ఉంది. నన్ను చూస్తే నమస్కారం పెడుతుంది. ఆ రెండు మార్కుల సంగతి ఆమె మరిచిపోయిందో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

రెండో కొండను రాజశేఖర్ చూపించాడు, ఆయనకు తెలియకుండానే. వదిన మంద చూసి ఆయనకు రోషం వచ్చింది. చెవులు కోసుకుంటూ పదేళ్లు కూర్చునే ఓపిక ఆయనకు ఎక్కడిది? ఎక్కడో పశువుల ప్రదర్శనకు వెళ్లి దూడంత పొట్టేలును కొనుక్కొచ్చాడు. ట్రాక్టరు మీద ఊరేగించాడు. దానితో కలిసి ఫ్లెక్సీ వేయించాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని కొన్నారో తెలియనట్టు ఉండేది ఆ బొమ్మ. కార్తీకంలో ఈతలు వచ్చాయి. పిల్లలు మరీ పెద్దవై ఆయన పొట్టి గొర్రెలకు అడ్డంపడ్డాయి. పదకొండు తల్లులు చచ్చిపోయాయి. ఆ మందలోనే ముసలి గొర్రెలకు నెలలు నిండకుండా పుట్టిన పిడికెడు పిల్లలు చలికి బిగుసుకుపోయాయి. ఆ వారమంతా గురమ్మ తిండీ నిద్రా సరిగా లేకుండా చేతికి నూనె పూసుకొని ఒక్కొక్క పిల్లనూ లాగి తీసింది. మరీ పెద్దదీ బతకదు, మరీ చిన్నదీ బతకదు, నడిమిదే లేచి పాలు తాగుతుంది, కాబట్టి మంద కొలతకు మించి పొట్టేలును తేవద్దని మరిదికి చెప్పిందట. ఆయన మాత్రం పశువుల డాక్టరు వేసిన ఇంజెక్షన్లు కల్తీవని విలేకర్లకు చెప్పాడు. దూడంత పొట్టేలు ఆ వేసవి ఎండకు నడవలేక షెడ్డులోనే పోయింది. ఫ్లెక్సీ మాత్రం ఇంకో ఏడాది ఉంది.

అప్పటికి ఊరికి కాస్త బుద్ధి వచ్చింది. రావలసిన బుద్ధి కాదు, ఇంకో బుద్ధి. గురమ్మ గొర్రెలు ఎత్తు పెరగడానికి కారణం చెవి కోయడమే అని తీర్మానించుకున్నారు. అందరూ కత్తెరలు పట్టారు. మంచిదీ చెడ్డదీ చూడలేదు, ముందు నడిచేదీ వెనకబడేదీ చూడలేదు. పుట్టిన ప్రతి పొట్టేలుపిల్లకూ చెవి కోశారు. కోతకు అమావాస్య మంచిదా, పున్నమి మంచిదా అని సుంకులమ్మ పూజారి ఈరేష్‌ను అడిగారు. ఆయన మంగళవారం మంచిదన్నాడు. నాలుగేళ్లలో ఊరి మొత్తంలో నిండు చెవుల పెద్ద పొట్టేలు ఒక్కటీ లేకుండా పోయింది. బక్రీదు బేరం పోయింది. గొర్రెలు ఎంత పొట్టివో అంతే పొట్టిగా ఉన్నాయి, కాకపోతే ఒక చెవి తక్కువ. గురమ్మ చూసి నవ్వి ఊరుకుంది. నేను నవ్వలేదు. ఇరవై తొమ్మిదేళ్లు కొండల బొమ్మలు గీయించి నేను తయారుచేసిన పిల్లలు కూడా ఇలాంటివాళ్లే.

పోయిన ఏడాది పెద్ద దేవర వచ్చింది. ఎన్నికలు కూడా దగ్గరపడ్డాయి. రాజశేఖర్ నిలబడాలనుకున్నాడు, అందుకని దేవరలో మొదటి పొట్టేలు తనదే కావాలని మొక్కుకున్నాడు. ఆయన మందలో మేక ఎత్తుది కూడా లేదు. ఊళ్లో చెప్పుకోదగ్గ పొట్టేలు ఒక్కటే, గురమ్మ నల్లోడు. వెన్ను బల్లపరుపుగా, కాళ్లు పొడుగ్గా ఉండే రెండేళ్ల పొట్టేలు. ఆమె అన్నేళ్ల ఎంపికంతా ఆ ఒక్కదానిలోకి వచ్చి చేరింది. పాత విత్తనపు పొట్టేలు ముసలిదై పోయాక దాన్ని మంద మీదికి వదిలి నెల కూడా కాలేదు. అది పోతే మళ్లీ ఊరి పొట్టివాటితోనే మంద కట్టుకోవాలి. అన్న మందంటే తన ఇంటి మందేనని రాజశేఖర్ దాని మీద కన్నేసినా, ఎడమ చెవి తెగి ఉంది కాబట్టి ఆమె ధీమాగా ఉంది. కాని ఊళ్లో అన్నింటి చెవులూ తెగి ఉన్నప్పుడు, తెగిన చెవిని లోపం అనడం ఎట్లా అని రాజశేఖర్ ఒక తిరకాసు పెట్టాడు. ఈరేష్ ఎటూ తేల్చలేక, గుడి ముందు సభ పెట్టి సైన్సు సారును అడుగుదామన్నాడు. సైన్సు సారంటే నేను.

సభకు ముందురోజు గురమ్మ వేరుశనక్కాయల సంచి పట్టుకొని ఆలూరులో మా ఇంటికి వచ్చింది. మా ఇంటికి రావడం అదే మొదటిసారి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"రేపు నిన్ను చెవి సంగతి అడుగుతారు సార్. నువ్వేమన్నా చెప్పుకో. కాని అది ఈ ఊరి విత్తనం, కోస్తే మందలు పోతాయి అని ఒక్క మాట చెప్పు. నేను చెప్తే ఆడదాని మాట అంటారు. నువ్వు చెప్తే సైన్సు అంటారు."

చెప్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. మనస్ఫూర్తిగా అనడంలో నాకు ఎప్పుడూ ఇబ్బంది లేదు.

గుడి ముందు షామియానా వేశారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ కాదు, గుడ్డ చుట్టిన కుర్చీ వేశారు. రిటైరయ్యాక నా ముందు మైకు పెట్టడం అదే మొదటిసారి. రాజశేఖర్ లేచి, ఎంతో వినయంగా అడిగాడు.

"సార్, కోసిన చెవి పుట్టుకతో వచ్చిన లోపమా? పిల్లలకు పోతాదా?"

అది నా పాఠం. పావుగంట మాట్లాడాను. బతికుండగా శరీరానికి తగిలిన గాయం సంతానానికి రాదన్నాను. వందతరాలు చెవులు కోసినా పుట్టే పిల్ల నిండు చెవులతోనే పుడుతుందన్నాను. ప్రతి ముక్కా నిజం. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో నా పాత విద్యార్థులు కూడా ఉన్నారు, అప్పుడెన్నడూ కొట్టలేదు. అయితే పొట్టేలులో లోపం లేనట్టే గదా సార్ అని రాజశేఖర్ అడిగాడు. సైన్సు ప్రకారం లేదు అన్నాను.

ఇంకొక్క మాట మిగిలి ఉంది. గురమ్మ షామియానా గుంజ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. అంతలో రాజశేఖర్ జరీ అంచు శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పాడు. ఇప్పుడు ఆ మాట అంటే ఆయన మొహం ఎట్లా పెడతాడో అనిపించింది. శాలువా సర్దుకొని కూర్చున్నాను. మరీ మంచివాడినీ కాకుండా, మరీ చెడ్డవాడినీ కాకుండా నడుమ నిలబడి అరవై ఐదేళ్లు చల్లగా బతికాను. స్థిరీకరణ వరణానికి నాకన్నా మంచి ఉదాహరణ జిల్లాలో దొరకదు.

సభ అయ్యాక గుడి వెనక ఆమెను కలిసి, నేను అబద్ధమేమీ చెప్పలేదమ్మా అన్నాను. అబద్ధం చెప్పలేదు సార్, సగమే చెప్పినావు అని వెళ్లిపోయింది. దేవరనాడు నల్లోడికి పసుపు పూసి, దండ వేసి ముందు నడిపించారు. అది అలవాటు ప్రకారం అన్నింటికన్నా ముందే నడిచిందట. నేను వెళ్లలేదు. నేను మాంసం తినేవాడిని కాను కాబట్టి, రాజశేఖర్ మరునాడు కొబ్బరిచిప్పలూ బెల్లమూ పంపించాడు. ఎన్నికల్లో గెలిచాడు కూడా.

ఆ ఒక్క నెలలో నల్లోడికి చూలు కట్టిన గొర్రెలు వానాకాలంలో ఈనాయి. నల్లోడి పోలికలతో ఒక పొట్టేలుపిల్ల పుట్టింది. ఈ ఏడు చిన్న దేవర ఇంకో నాలుగు రోజులుందనగా గురమ్మ దాన్ని తాడు కట్టి మా గేటు దగ్గరికి తీసుకొచ్చింది. అప్పటికే నడుం ఎత్తుంది, తల పైకెత్తి బజారంతా చూస్తోంది. మా ఇంటి వెనక నాన్న కట్టించిన పెద్ద పెరడు ఉంది, ఒకప్పుడు అంగడి సరుకు దించుకోవడానికి. దాన్ని ఆమె కంటితో కొలిచింది.

"దేవర మూడు దినాలు దీన్ని నీ పెరట్లో కట్టేస్తా సార్. రాజశేఖరు వచ్చి అడిగితే ఈడ లేదని చెప్తావా?"

తప్పకుండా చెప్తానమ్మా అన్నాను, ఆమె అడగడం పూర్తికాకముందే.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా నెమ్మదిగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు దారి పక్కన నిలబడి, ఏది ఉంచుకోవాలో ఏది వదిలేయాలో ఆమె అలాగే చూస్తుంది. అట్టే సేపు పట్టలేదు. వద్దులే సార్ అని తాడు చేతికి చుట్టుకుంది. మరి ఎక్కడ కట్టేస్తావని అడిగాను. ఖాసీం ఇంట్లో అంది. మాంసం కొట్టేవాడి దగ్గరా అన్నాను.

"ఆ యప్ప దుడ్లిచ్చి కొంటాడు, లేదంటే వద్దంటాడు. అడక్కుండా తోలుకుపోడు. నిన్న పోయి అడిగినా, ఎవరొచ్చినా ఇయ్యనన్నాడు. ఏమో, నీ ఇల్లు పెద్దది గదా, ఈడా అడిగి చూద్దామని వచ్చినా."

పొట్టేలుపిల్లను పట్టుకొని బజారు వైపు నడిచింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. పిల్ల ఆమెకన్నా రెండడుగులు ముందే నడుస్తోంది. దాని రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. ఆమె ఈసారి కోయలేదు. కోసినా లాభం లేకుండా చేసింది నేనే.